జింక్ చదవదు, వేలిని నిలబెడుతుంది

1982 ప్రాంతంలో కేంబ్రిడ్జ్‌లోని ఎంఆర్‌సీ మాలిక్యులర్ బయాలజీ లేబొరేటరీలో జొనాథన్ మిల్లర్ అనే పరిశోధక విద్యార్థికి ఒక ప్రొటీన్ చిక్కినట్టే చిక్కి జారిపోయేది. అతని గైడు ఆరన్ క్లూగ్. అదే ఏడాది క్లూగ్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది, కానీ అది వేరే పనికి. మిల్లర్ చేతిలో ఉన్నది జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప అండాశయం. ఇంకా ఎదగని కప్ప గుడ్లలో 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ, దాన్ని అంటిపెట్టుకుని టీఎఫ్‌త్రీఏ అనే ప్రొటీన్ కుప్పలుతెప్పలుగా ఉంటాయి. వాటిని జంటగానే బయటికి తీసి శుద్ధి చేయాలి. అప్పటికే అచ్చయిన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించినా చివరికి మిగిలేది చాలా తక్కువ.

తప్పు ద్రావణంలో ఉంది. ప్రొటీన్లు పాడవకుండా బయోకెమిస్టులు అలవాటుగా డీటీటీ అనే రసాయనం కలుపుతారు. అది లోహాలను కూడా లాగేసుకుంటుంది. డీటీటీ తీసేస్తే జంట విడిపోలేదు. లోహాన్ని పట్టేసే ఇతర రసాయనాలు వేస్తే మళ్లీ విడిపోయింది. అంటే లోపల ఏదో లోహం ఉండి ఆ కట్టడాన్ని పట్టి ఉంచుతోందన్నమాట. కొలిచి చూస్తే ఒక్కో జంటలో 7 నుంచి 11 జింక్ అయాన్లు కనిపించాయి. ప్రొటీన్‌ను ఎంజైమ్‌తో కొద్దికొద్దిగా తెంపితే ముక్కలు ఎలా పడితే అలా రాలేదు, ఒకే కొలతలో వచ్చాయి. ఒక్కో ముక్క బరువు సుమారు 3 కిలోడాల్టన్లు, అంటే దాదాపు 30 అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ దారంలోని పూసలు). ఈలోగా ఈ ప్రొటీన్ అమైనో ఆమ్లాల వరుసను అమెరికాలోని రాబర్ట్ రోడర్ బృందం ప్రచురించింది. దాన్ని ముందు పెట్టుకుని చూస్తే అదే బాణీ 9 సార్లు మళ్లీ మళ్లీ కనిపించింది. ప్రతిసారీ సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండు, కొంత ఎడం, హిస్టిడిన్ అనేవి రెండు. ఈ నాలుగూ కలిసి ఒక్క జింక్‌ను పట్టుకుంటాయని 1985లో మిల్లర్, మెక్‌లాక్లన్, క్లూగ్ రాశారు. డీఎన్‌ఏను పట్టుకునేవి కాబట్టి వేళ్లన్నారు. జింక్ ఫింగర్, అంటే జింక్ వేలు, అన్న పేరే స్థిరపడింది.

పేరు బాగానే ఉంది కానీ దానివల్ల ఒక అపోహ కూడా పుట్టింది. జింక్ ఫింగర్ అనగానే జింక్ అనే లోహం వెళ్లి జన్యువును తాకుతుందని, మీట నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. కరోనా రోజుల్లో జింక్ మాత్రలు విరివిగా అమ్ముడుపోయినప్పుడు ఇలాంటి ప్రచారాలు కూడా నడిచాయి. నిజానికి జింక్ డీఎన్‌ఏను ముట్టుకోదు. చీర కుచ్చిళ్లకు పెట్టే పిన్నీసు ఎలాంటిదో ఇక్కడ జింక్ అలాంటిది. పిన్నీసు లేకపోతే కుచ్చిళ్లు జారిపోతాయి, అంతవరకే దాని పని. చీర రంగు, అంచు, నేత ఏవీ దానివల్ల వచ్చినవి కావు. జింక్ ఫింగర్ల గురించి వచ్చే చాలా ప్రశ్నలు, పట్టి ఉంచే పని ఒకరిది, చదివే పని మరొకరిది, చదివాక ఏం చేయాలో చూసేది ఇంకొకరు అన్న ఈ పనుల పంపకం తెలిస్తే వాటంతటవే తేలిపోతాయి.

పిన్నీసు ఎందుకంటే వేలు మరీ చిన్నది. మామూలు ప్రొటీన్లు వందల అమైనో ఆమ్లాల పొడవుంటాయి. నీటికి దూరంగా ఉండాలనుకునే భాగాలన్నీ లోపలికి ముడుచుకుంటే ఆ ముద్దే ప్రొటీన్‌కు ఆకారాన్నిస్తుంది. 30 అమైనో ఆమ్లాలతో అంత ముద్ద కట్టదు. అందుకే ఒక పక్క చాచినట్టుండే రెండు బీటా పోగులు, మరో పక్క స్ప్రింగులా చుట్టుకున్న ఒక ఆల్ఫా హెలిక్స్, రెంటినీ కలిపి మధ్యలో ఒక జింక్. జింక్‌ను తీసేస్తే వేలు వేలుగా ఉండదు, వదులు దారమైపోతుంది. మరి ఇనుమో రాగో ఎందుకు కాలేదు? ఆ రెండూ కణంలో ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటాయి. ఆ క్రమంలో పుట్టే రాడికల్స్ అనే దుడుకు అణువులు పక్కనే ఉన్న డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. జింక్‌కు ఆ పేచీ లేదు, కణంలో ఎప్పుడూ ఒకే విద్యుదావేశంతో కుదురుగా ఉంటుంది. జన్యువుల పక్కన కూర్చోబెట్టడానికి అలాంటి లోహమే కావాలి.

పెద్దల ఒంట్లో జింక్ మొత్తం కలిపితే 2, 3 గ్రాములు. మన కణాలు దాన్ని ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వవు, ప్రొటీన్లకు గట్టిగా కట్టిపడేస్తాయి. లోపం ఉన్నవాళ్లకు జింక్ ఇవ్వడం అవసరమే. విరేచనాల పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లోనే చెప్పాయి. కానీ లోపం లేని మనిషి మాత్ర మింగితే ఫలానా జన్యువు తెరుచుకుంటుందనడం పిన్నీసులు ఎక్కువ కొంటే చీరలు పెరుగుతాయనడం లాంటిదే.

ఇక చదివే పని సంగతి. 1991లో నికొలా పావ్లెటిచ్, కార్ల్ పాబో జిఫ్268 అనే ఎలుక ప్రొటీన్ డీఎన్‌ఏ మీద కూర్చుని ఉన్న స్ఫటిక చిత్రాన్ని ప్రచురించారు. ఈ ప్రొటీన్‌కు మూడే వేళ్లు. డీఎన్‌ఏ రాత అంతా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలే, అందులో ఈ ప్రొటీన్ చదివే మాట జీసీజీ టీజీజీ జీసీజీ, తొమ్మిది అక్షరాలు. డీఎన్‌ఏ మెలిక తిరిగిన నిచ్చెన అనుకుంటే దాని పక్కన పొడుగునా ఒక వెడల్పు గాడి, ఒక సన్నటి గాడి ఉంటాయి. మూడు వేళ్లూ వెడల్పు గాడిలో మెలిక వెంబడి చుట్టుకుని ఉన్నాయి. ఒక్కో వేలు మూడేసి అక్షరాలు చూసుకుంటోంది. 

ఇంకాస్త దగ్గరికి వెళ్దాం. మొదటి వేలి హెలిక్స్ ముక్కు గాడిలోకి దిగి ఉంది. హెలిక్స్ మొదలయ్యే ముందున్న స్థానంలో ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లం, ఆరో స్థానంలో ఇంకో ఆర్జినీన్. ఆర్జినీన్ కొసన ఉండే నైట్రోజన్లు జీ అనే అక్షరం అంచుకు రెండు హైడ్రోజన్ బంధాలతో అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. ఏ, టీ, సీలలో ఏదీ ఆ స్థానంలో అంత చక్కగా అమరదు. రెండు ఆర్జినీన్లు రెండు జీలను పట్టుకుంటే మధ్యలో సీ మిగిలింది, అక్కడికి మూడో స్థానంలోని గ్లుటమిక్ ఆమ్లం చేరువగా ఉంది. జీసీజీ చదవడమంటే ఇంతే. జింక్ ఆ వేలి లోపల, గాడికి దూరంగా, తన నాలుగు బంధాలతో తను కూర్చుని ఉంది. ఇంకో తమాషా ఏమిటంటే మొదటి వేలు చదివేది చివరి మూడక్షరాలను, మూడో వేలు చదివేది మొదటి మూడింటిని. మనం రాసుకునే వరుసకు ప్రొటీన్ ఎదురు దిశలో కూర్చుంటుంది. ఇది తెలియకుండా కాగితం మీద వేళ్లను పేర్చుకుంటూ పోతే అంతా తలకిందులవుతుంది.

ఈ చిత్రం చూసినవాళ్లకు ఒక ఆశ పుట్టడం సహజమే. ఒక వేలికి మూడక్షరాలైతే, కావలసిన వేళ్లు కావలసిన వరుసలో గుచ్చుకుంటూ పోతే ఏ జన్యువునైనా పట్టుకోవచ్చు కదా. లెక్క కూడా ఊరిస్తుంది. మూడు వేళ్లు తొమ్మిది అక్షరాలు చదువుతాయి. నాలుగు రకాల అక్షరాలతో తొమ్మిది స్థానాలు నింపితే 2,62,144 మాటలు. మనిషి జన్యురాశిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. కాబట్టి ఏ తొమ్మిదక్షరాల మాటైనా యాదృచ్ఛికంగానే పదకొండు, పన్నెండు వేల చోట్ల ఎదురవుతుంది. అదే ఆరు వేళ్లతో 18 అక్షరాలు చదివితే మాటల సంఖ్య 6,872 కోట్ల దాకా పోతుంది. జన్యురాశి కంటే అది ఇరవై రెట్లకు పైనే. అంటే 18 అక్షరాల చిరునామా దాదాపు ఒక్క ఇంటికే చేరుతుంది.

1994లో యెన్ చూ, క్లూగ్ ఒక రకం రక్త క్యాన్సర్‌లో కలిసిపోయిన జన్యువును గుర్తించేలా మూడు వేళ్ల ప్రొటీన్‌ను తయారుచేసి, అది ఎలుక కణాల్లో పనిచేసిందని చూపించారు. 1996లో జాన్స్ హాప్‌కిన్స్‌లో శ్రీనివాసన్ చంద్రశేఖరన్ బృందం వేళ్లకు ఫాక్‌వన్ అనే బ్యాక్టీరియా ఎంజైమ్‌లోని కోసే భాగాన్ని అతికించింది. చదివేది జింక్ వేలు, కోసేది ఫాక్‌వన్. కోత భాగం ఒంటరిగా పనిచేయదు, రెండు పక్కపక్కన చేరితేనే కత్తెర అవుతుంది. అందుకే ఎదురెదురుగా రెండు ప్రొటీన్లు వాలాలి, చెరో తొమ్మిదక్షరాలు చదవాలి. పైన చెప్పిన 18 అక్షరాల లెక్క ఇక్కడ నిజంగా అక్కరకొచ్చింది. జన్యురాశిలో కోరుకున్న చోట దిద్దుబాటు చేసే పనికి దారి వేసింది ఇదే, ఇప్పుడు అందరి నోటా వినిపించే క్రిస్పర్ అనే జన్యు కత్తెర కాదు. క్రిస్పర్‌ను కత్తెరగా వాడొచ్చని తేలింది 2012లో. జింక్ ఫింగర్ కత్తెరతో కణాలను మార్చుకున్న 12 మంది హెచ్‌ఐవీ రోగుల ఫలితాలు 2014లోనే ప్రచురితమయ్యాయి. అప్పటికి కొన్నేళ్లుగా ఆ ప్రయోగాలు నడుస్తున్నాయి.

మరి క్రిస్పర్ ముందు జింక్ ఫింగర్ ఎందుకు వెనకబడింది? చాలా వ్యాసాల్లో ధర అని, పేటెంట్లు అని రాస్తారు. అవీ ఉన్నాయి. అసలు కారణం మాత్రం వేళ్లు పూసల్లాగా విడివిడిగా ఉండకపోవడమే. ఒక్కో వేలి హెలిక్స్‌లో రెండో స్థానం పక్క వేలు చదివే అక్షరాల వైపు, డీఎన్‌ఏ రెండో పోగు మీదికి చేయి చాపుతుంది. అంటే ప్రతి వేలూ తన మూడక్షరాలతో సరిపెట్టుకోక పొరుగింటి గోడ మీదికి కూడా తొంగిచూస్తుంది. ఒక వేలు ఈ పొరుగులో బాగా చదివి, వేరే పొరుగులో తడబడుతుంది. విడి వేళ్లను గుచ్చి తయారుచేసిన వాటిలో ఎక్కువ భాగం పనిచేయలేదని 2008లో ఒక పెద్ద పరీక్ష తేల్చింది. క్రిస్పర్‌లో ఈ తలనొప్పి లేదు, చోటు చూపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏతో అక్షరానికి అక్షరం జతకడుతుంది. ఒక విద్యార్థి మధ్యాహ్నానికి డిజైన్ చేసేస్తాడు.

అలాగని జింక్ ఫింగర్ కథ ముగిసిపోలేదు. క్రిస్పర్‌లో కోసే క్యాస్9 ప్రొటీన్ 1,368 అమైనో ఆమ్లాల పొడవు. ఆరు వేళ్లు కలిపినా రెండొందల లోపే. జన్యు చికిత్సకు వాడే ఏఏవీ వైరస్‌లో చోటు చాలా ఇరుకు, అందులో పట్టాలంటే చిన్న పరికరం కావాలి. పైగా వేళ్లు మనిషి ఒంట్లో ముందునుంచీ ఉన్న రకం ప్రొటీన్లే. క్యాస్9 బ్యాక్టీరియా నుంచి వచ్చింది, రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదిగా చూసే ప్రమాదం ఉంటుంది. పొరుగు వేళ్ల పేచీని ఇప్పుడు కంప్యూటర్ నేర్చుకుంటోంది. జంటల్లో ఏ వేలు దేని పక్కన ఎలా ప్రవర్తిస్తుందో లెక్కలేనన్ని నమూనాలు చూపించి శిక్షణ ఇచ్చిన ఒక మోడల్ 2023లో వచ్చింది. మనుషులు ఏళ్ల తరబడి తల బద్దలు కొట్టుకున్న పని అది.

ఇప్పటిదాకా చెప్పింది చదవడం గురించి. చదివాక ఏం జరుగుతుందన్నదే జన్యు నియంత్రణలో అసలు విషయం. కాలేయ కణంలోనూ నాడీ కణంలోనూ ఉండేది ఒకే డీఎన్‌ఏ. తేడా అంతా ఏ జన్యువు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నదాంట్లోనే. తెరవడానికీ మూయడానికీ మనిషిలో సుమారు 1,600 ప్రొటీన్లు పనిచేస్తున్నాయి. వాటిలో దాదాపు సగం కప్ప ప్రొటీన్ బాణీలోని జింక్ ఫింగర్లే. ఇంత పెద్ద వంశం మన జన్యువుల అదుపులో మరొకటి లేదు. వీటిని సిస్టీన్-హిస్టిడిన్ రకం అంటారు. జింక్‌తో ముడిపడిన ఇతర కట్టడాలను కూడా జింక్ ఫింగర్లు అనేస్తుంటారు, స్టెరాయిడ్ మందులు పట్టుకునే రిసెప్టర్లలో ఉన్నవి అలాంటివే. వాటి ఆకారం వేరు, పుట్టుక వేరు. పేరు కలిసింది కదా అని చుట్టరికం కలపకూడదు.

వేలు స్వతహాగా తెరవదు, మూయదు. వెళ్లి కూర్చుంటుంది, అంతే. పక్కన ఏ తోక ఉందన్న దాన్ని బట్టే ఫలితం. మనిషిలో మూడొందల యాభైకి పైగా జింక్ ఫింగర్ ప్రొటీన్లకు క్రాబ్ అనే చిన్న తోక ఉంది. వేళ్లు డీఎన్‌ఏ మీద వాలగానే ఈ తోక ట్రిమ్28 అనే మరో ప్రొటీన్‌ను పిలుస్తుంది. అది హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్ల) మీద మూసివేత గుర్తులు వేసే ఎంజైమ్‌ను వెంటబెట్టుకొస్తుంది. గుర్తులు పడ్డ చోట డీఎన్‌ఏ గట్టిగా చుట్టుకుపోతుంది, జన్యువు మాట్లాడదు. పిలిచినవాడు వెళ్లిపోయినా ఆ ముద్ర కొన్నాళ్లు అలాగే ఉండిపోవచ్చు. క్రాబ్ తోకను తెచ్చి కోత లేని క్యాస్9కు అతికిస్తే అది కూడా జన్యువులను మూసేస్తుంది. అందరూ వాడే ఈ ప్రయోగశాల పద్ధతిలో నోరు మూయించే భాగం ఒక మానవ జింక్ ఫింగర్ ప్రొటీన్ నుంచే అరువు తెచ్చుకున్నది.

ఇంతమంది ద్వారపాలకులు ఎందుకు? మన జన్యురాశిలో దాదాపు సగం పాత గెంతుడు జన్యువుల శకలాలు. కాపీలు చేసుకుని వేరే చోట దూరడమే వాటి పని. అవి లేచి తిరిగితే ఎక్కడో ఒక పనికొచ్చే జన్యువు మధ్యలో పడి దాన్ని చెడగొడతాయి. వాటి మీద కూర్చుని అణచి ఉంచడమే క్రాబ్ రకం జింక్ ఫింగర్లలో చాలావాటి ఉద్యోగం. ఈ సంగతిని 2014లో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ పరిశోధకులు చాలా స్పష్టంగా చూపారు. జెడ్‌ఎన్‌ఎఫ్93 అనే జింక్ ఫింగర్ మన పూర్వీకుల్లో ఎల్‌వన్ అనే గెంతుడు జన్యువును ఒక ప్రత్యేకమైన చోట పట్టుకుని అణిచేది. ఎల్‌వన్ ఏం చేసిందంటే, ఆ పట్టు ఉన్న 129 అక్షరాల ముక్కనే వదిలించుకుంది. ముక్క పోయిన కాపీలు జెడ్‌ఎన్‌ఎఫ్93 చేతికి చిక్కకుండా మళ్లీ విస్తరించాయి. జుట్టు పట్టుకుంటారని గుండు కొట్టించుకున్న రెజ్లర్ తీరు. కొత్త దొంగకు కొత్త కాపలా కావాలి కాబట్టి వేళ్లు వేగంగా మారుతూ, కొత్త ప్రతులు పుడుతూ పోతాయి. మన 19వ క్రోమోజోమ్‌లో ఈ జన్యువులు గుంపులు గుంపులుగా ఉండటానికి కారణం ఇదే.

అన్ని వేళ్లూ ఇలా మారవు. సీటీసీఎఫ్ అనే 11 వేళ్ల ప్రొటీన్ డీఎన్‌ఏను ఉచ్చులుగా మడిచి, దూరంగా ఉన్న స్విచ్‌ను ఏ జన్యువుకు చేర్చాలో, ఏ జన్యువుకు చేరకుండా ఆపాలో తేలుస్తుంది. దాని వేళ్లు చేపల నుంచి మనిషి దాకా పెద్దగా మారలేదు. ఇల్లంతా మోసే దూలాన్ని ఎవరూ మాటిమాటికీ మార్చరు.

తెలుగు నేలకు దగ్గరగా వచ్చే కథ బీసీఎల్11ఏ అనే జింక్ ఫింగర్‌ది. తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ఒక రకం హిమోగ్లోబిన్, పుట్టాక కొన్ని నెలల్లో ఇంకో రకం. పాతది ఎలా ఆగిపోతుందన్నది దశాబ్దాల పాటు అంతుపట్టలేదు. 2008లో హార్వర్డ్‌లో స్టువర్ట్ ఆర్కిన్ ప్రయోగశాలలో విజయ్ శంకరన్, ఇతరులు బీసీఎల్11ఏ అసలు ముద్దాయి అని తేల్చారు. పిండ హిమోగ్లోబిన్ జన్యువు మొదలయ్యే చోటికి 115 అక్షరాల ముందు టీజీఏసీసీఏ అనే చిన్న మాట ఉంటుంది. బీసీఎల్11ఏ వేళ్లు దాని మీద వాలి ఆ జన్యువును మూసేస్తాయి. 200 అక్షరాల ముందు మరో జింక్ ఫింగర్ ప్రొటీన్ వాలుతుంది, అదీ మూసేదే. కొన్ని కుటుంబాల్లో సరిగ్గా ఈ చోట్లలో ఒక్క అక్షరం తేడాగా ఉంటుంది. వాళ్లకు పెద్దయ్యాక కూడా పిండ హిమోగ్లోబిన్ తయారవుతూనే ఉంటుంది, పెద్ద ఇబ్బందీ ఉండదు. ఆ తేడాకు కారణం వేళ్లకు అక్కడ పట్టు దొరకకపోవడమేనని చాలా ఆలస్యంగా, 2018లో స్పష్టమైంది.

దీని విలువ సికిల్ సెల్ ఉన్నవాళ్లకు తెలుస్తుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో, అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో ఈ జబ్బు తెలియని గూడేలు తక్కువ. పెద్దల హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడం వల్ల ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, కీళ్లలో ఎముకల్లో భరించలేని నొప్పులొస్తాయి. ఒంట్లో పిండ హిమోగ్లోబిన్ ఎంత ఎక్కువుంటే కణం అంత తక్కువ వంగుతుంది. మన దేశంలో చాలామంది రోగులకు అది పుట్టుకతోనే కాస్త ఎక్కువ, కానీ అందరికీ సరిపోయేంత కాదు. మరి బీసీఎల్11ఏను తీసేస్తే? కుదరదు. మెదడు ఎదుగుదలకు, తెల్ల రక్తకణాలకు కూడా అది కావాలి.

దారి వేరే జింక్ ప్రొటీన్ దగ్గర దొరికింది. బీసీఎల్11ఏ జన్యువు లోపలే ఒక స్విచ్ ఉంది, అది ఎర్ర కణాల వంశంలో మాత్రమే పనిచేస్తుంది. ఆ స్విచ్ మీద వాలి నొక్కేది గాటా1 అనే ప్రొటీన్. అదీ జింక్‌తో నిలబడేదే, కాకపోతే నాలుగు సిస్టీన్ల రకం. గాటా1 వాలే ఆ కొన్ని అక్షరాలను క్రిస్పర్‌తో చెడగొడితే ఎర్ర కణాల్లో బీసీఎల్11ఏ తగ్గిపోతుంది, పిండ హిమోగ్లోబిన్ తిరిగి మొదలవుతుంది, మిగతా ఒంట్లో ఏమీ మారదు. 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్స ఇదే. పత్రికలన్నీ క్రిస్పర్ విజయమని రాశాయి. కత్తి క్రిస్పర్‌దే, సందేహం లేదు. ఎక్కడ కోయాలో చెప్పింది మాత్రం జింక్ ఫింగర్ల మీద ఏళ్ల తరబడి జరిగిన పని. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అంటే 18 కోట్ల రూపాయల పైమాటే. రోగి మూలకణాలను బయటికి తీసి, దిద్ది, ఎముక మజ్జను కీమోథెరపీతో ఖాళీ చేసి, మళ్లీ ఎక్కించాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. మన్యానికి ఇప్పటికి అందుతున్నది పరీక్ష, హైడ్రాక్సీయూరియా మాత్ర. ఆ మాత్ర కూడా పిండ హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది, కాకపోతే గురి చూసి కాదు.

జింక్ వేలు డీఎన్‌ఏను మాత్రమే పట్టుకోదు. కప్ప ప్రొటీన్‌లోనే మొదటి మూడు వేళ్లు డీఎన్‌ఏను గట్టిగా పట్టుకుంటే మధ్యలోవి ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటాయి. 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కువైతే ప్రొటీన్ దానికే కట్టుబడిపోయి, దాన్ని తయారుచేసే జన్యువు దగ్గర కూర్చునేవాళ్లు తగ్గిపోతారు. ఇంతకన్నా చిత్రమైన పట్టు ఒక మందుది.

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్ర మాత్ర వచ్చింది. గర్భిణులు వాంతులకు కూడా వాడారు. 1961 చివర్లో అక్కడి మార్కెట్ నుంచి తీసేశారు, కానీ దానివల్ల ప్రపంచవ్యాప్తంగా పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. మందు ఏం చేసిందో తేలడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 2010లో జపాన్ పరిశోధకులు అది సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుందని కనుక్కున్నారు. కణంలో పనికిరాని ప్రొటీన్లకు చెత్తబుట్ట గుర్తు వేసే యంత్రంలో సెరెబ్లాన్ ఒక భాగం. 2014లో మిగతా సగం బయటపడింది. మందు అతుక్కున్నాక సెరెబ్లాన్ తను మామూలుగా పట్టించుకోని ప్రొటీన్లను పట్టుకుని చెత్తబుట్టలో వేయిస్తోంది. వాటిలో ముఖ్యమైనవి ఇకారోస్, ఐయోలోస్ అనే రెండు జింక్ ఫింగర్లు. మందు, సెరెబ్లాన్ కలిసి పట్టుకునేది ఎక్కడంటే బీటా పోగులు మలుపు తిరిగే చోట. జింక్ పిన్నీసు నిలబెట్టిన మలుపే అది. డీఎన్‌ఏ చదివే ముఖం కాదు, వేలి వెనక వైపు.

మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ కణాలు బతకాలంటే ఇకారోస్, ఐయోలోస్ కావాలి. అవి పోతే కణాలు చస్తాయి. థాలిడోమైడ్ చెల్లెలు లాంటి లెనాలిడోమైడ్ ఆ జబ్బుకు ప్రధాన మందుల్లో ఒకటైంది ఇందుకే. అసలు బ్రాండ్ అమెరికాలో మహా ఖరీదు. దాని జెనరిక్‌ను 2022లో అమెరికా మార్కెట్‌లోకి తెచ్చినవాటిలో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. నాట్కో భాగస్వామి ద్వారా మార్చిలోనే ముందుగా వచ్చింది.

ఆ మందును గర్భిణులు వాడకూడదని గట్టి హెచ్చరిక ఉంటుంది. దాని వెనకున్నదీ ఇంకో జింక్ ఫింగరే. సాల్4 అనే ప్రొటీన్ పిండంలో చేతులు ఎదగడానికి కావాలి. ఇకారోస్‌ను పట్టిచ్చే ఆ మలుపే సాల్4లోనూ ఉండటంతో మందు దాన్ని కూడా పట్టుకుని చెత్తబుట్టకు పంపిస్తుందని 2018లో తేలింది. సాల్4 జన్యువు పుట్టుకతోనే చెడినవాళ్లకు కూడా దాదాపు అలాంటి లోపాలే వస్తాయి. ఎలుకల్లో ఈ లోపాలు కనిపించకపోవడానికి కారణం కూడా దాంతోనే బయటపడింది. ఎలుక సెరెబ్లాన్‌లో ఒక అమైనో ఆమ్లం వేరు, సాల్4 వేలిలోనూ కాస్త తేడా ఉంది. మందు ఉన్నా పట్టు కుదరదు. ఇప్పుడు ఈ మందులను మలిచే రసాయన శాస్త్రజ్ఞులు తమ కొత్త అణువును పరీక్షించేటప్పుడు ఇకారోస్ ఎంత తగ్గిందో చూసి ఊరుకోరు. పక్కనే సాల్4 మిగిలిందా లేదా అన్నది కూడా చూస్తారు, అదీ ఎలుక కణాల్లో కాదు, మనిషి కణాల్లో.